గ్రిఫిథ్ మూల్యనిర్ణయ గ్రంథమును జదువు విధము

ఐర్లాండును విడిచి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశములకు వలసపోయినవారి సంతతి తమ పూర్వుల పల్లెను వెదకఁబూనినప్పుడు మొట్టమొదటఁ దెఱచునది 1847 మొదలు 1864 వఱకు సంపుటములుగా వెలువడిన భూగృహమూల్యనిర్ణయ గ్రంథము. సర్ రిచర్డు గ్రిఫిథ్ (1784–1878) అను భూగర్భశాస్త్రజ్ఞుఁడు దీనిని నిర్వహించినందున నాతని పేరనే యిది ప్రసిద్ధికెక్కినది. వంశాన్వేషకులు దీనిని మిక్కిలి గౌరవింతురు. ఆ గౌరవము దీనికిఁ దగినదే; కాని తగిన కారణమున లభించినది కాదు.

వారు దీనిని జనుల పట్టికగాఁ జదువుదురు. ఇది పన్నుల పట్టిక. బీదల పోషణమునకై విధింపవలసిన పన్ను నిమిత్తము ఏ భూమి, ఏ యిల్లు ఏఁటి కెంత విలువచేయునో నిశ్చయించుటయే దీని ప్రయోజనము. ప్రతిపుటయందును పటములోని గుఱుతు, స్థలనామము, అనుభవదారుని పేరు, భూమి నాతనికిఁ గౌలున కిచ్చినవాని పేరు, సొత్తు వివరణము, వైశాల్యము, మూల్యము వరుసగా నుండును. భార్య పేరు లేదు, బిడ్డల పేర్లు లేవు, వయస్సు లేదు. పదిమంది వసించు గుడిసెకును నొక్కటే పేరు. ఒకే స్థలమున నొకే పేరుగలవా రిద్దఱున్నచో వేఱుపఱచుటకై తండ్రి పేరో, వృత్తియో ప్రక్కను జేర్పఁబడును. పన్నులెక్కలోనికి బంధుత్వము చొరఁబడిన దిట్టి చోటులనే.

ఇట్టి గ్రంథముపై నింత భార మేల పడినది? డబ్లినులోని ఫోర్ కోర్ట్సు ఆవరణముననున్న ప్రభుత్వలేఖాగారము 1922వ సంవత్సరము జూన్ 30వ తేదిని అంతర్యుద్ధమునఁ బేలి కాలిపోయెను. 1821, 1831, 1841, 1851 సంవత్సరముల జనపరిగణన పత్రములు స్వల్పభాగము దక్క దానితోఁ బోయినవి. అయితే సర్వనష్టమును ఆ యగ్నిపైనే మోపుట వాడుకయైనది గాని న్యాయము గాదు. 1861, 1871 పత్రములను లెక్క ముగిసినపిదప దొరతనమువారే నాశనము చేయించిరి. 1881, 1891 పత్రములు ప్రథమ ప్రపంచయుద్ధకాలమునఁ గాగితపు గుజ్జైనవి. నిప్పు చేసినపనిలో సగము కచేరీలే చేసినవి. సంపూర్ణముగా మిగిలినవి 1901, 1911 సంవత్సరములవి. జననమరణముల నమోదు దేశమంతట మొదలయినది 1864లో. అంతకు ముందటి కాలమునకు దిక్కు 1823–1837 నాఁటి దశమభాగపు పన్నుపుస్తకములు, మతగురువుల పుస్తకములు, ఈ గ్రంథమును మాత్రమే.

కాలమును బట్టి చూచినచో మఱియొక చిక్కు గలదు. బంగాళాదుంప పైరునకుఁ దెగులు సోకినది 1845లో. 1841లో 81,75,124గానున్న జనసంఖ్య 1851 నాఁటికి 65,52,385 ఆయెను. పదిలక్షలమంది మరణించిరి, ఇంచుమించుగా నంతమందియు దేశము విడిచిరి. పావు ఎకరమునకు మించిన భూమి యనుభవించువానికి బీదలసహాయ మీయరాదని 1847లోఁ జట్టమేర్పడఁగా, గంజికొఱకు భూమిని విడిచినవారును, గుడిసె కూల్పఁబడి వీధిఁ బడినవారును ననేకులు. కూలిన గుడిసెకుఁ బన్ను లేదు. పన్ను లేనిచోఁ బేరును లేదు. మూల్యనిర్ణయము దక్షిణపు కౌంటీలలో ముందుగాను, ఉత్తరపు కౌంటీలలోఁ గడపటను జరిగెను. కావున 1848లో నోడయెక్కినవాని పేరు, ఆతని కౌంటీ యటుపిమ్మట లెక్కింపఁబడినచో, ఇందుండ నవకాశము లేదు. ఐనను సంతతివారు గ్రంథమును దెఱచి, ఆ పేరివాఁ డొకఁడు కనఁబడఁగానే తాతగా స్వీకరింతురు. దొరకినవాఁడు నిలిచినవాఁడు, వెదకఁబడువాఁడు వెడలినవాఁడు.

వ్యక్తినామము నమ్మఁదగిన యాధారము గాదనుటకు భాషయే సాక్షి. కమ్మరికొడుకను నర్థముగల మాక్ గవన్ అను ఐరిషు పేరు కావను కౌంటీలో స్మిత్ అను నింగ్లీషు పేరుగా మాఱినది. ఓ అను పూర్వపదమును దండ్రి విడువఁగా మనుమఁడు మరల ధరించిన కుటుంబములును బెక్కులు.

గ్రంథము నిజమైన విలువ స్థలనామమునఁ గలదు. ఐర్లాండున భూమి యఱువదివేలకుఁ బైఁబడిన టౌనులాండులుగా విభక్తము. ఈ పదమునఁ బట్టణవాచకము వినఁబడుచున్నను, ఇది పట్టణము గాదు; ఇల్లొక్కటియు లేకున్నను దనకంటూ పేరుగల భూఖండము. 1824లో నారంభమైన సర్వేశాఖ ఆఱంగుళములకు మైలు చొప్పున దేశమెల్లఁ బటములు వ్రాయుచుండఁగా, జాన్ ఓ డోనవన్ (1806–1861) అను పండితుఁ డూరూరఁ దిరిగి స్థానికుల యుచ్చారణమును విని, ప్రాచీనలేఖనములతోఁ బోల్చి, యింగ్లీషు లిపిలో నామముల స్థిరపఱచెను. ఆతని పాండిత్యము సందేహింపరానిది. కాని లిపి మాఱుటతో నర్థభేదము లణఁగినవి. కిల్ అని మొదలగు పేరున కిల్ గుడి కావచ్చును, అడవియుఁ గావచ్చును. కిల్మోర్ పెద్దగుడియో పెద్దయడవియో యింగ్లీషు వ్రాఁత చెప్పదు. ఆ పేరి స్థలములు బహుకౌంటీలలో నున్నవి. కావునఁ బేరుతోఁబాటు పారిషు, బారొనీ, కౌంటీ యెఱుఁగనివానికి గ్రంథము పనికిరాదు.

ఎఱిఁగినవానికి మొదటి వరుసలోని చిన్నగుఱుతే ముఖ్యము. అంకె భూఖండమును, పెద్దయక్షరము దానిలోని భాగమును, చిన్నయక్షరము ఇంటిని దెలుపును. ఈ గుఱుతును బటమునఁ బోల్చి, అటుపిమ్మటి సవరణపుస్తకములు చూడవలెను. వానిలో గుమాస్తాలు పాతపేరును గొట్టివేసి, క్రొత్తపేరును వేఱురంగు సిరాతో సంవత్సరముతోఁగూడ వ్రాసిరి. 1901 నాఁటి కుటుంబమునుండి వెనుకకు, పేరును గాక పొలమును బట్టి నడచినవాఁడు దారి తప్పుట యరుదు.

ఐనను రండేలు పద్ధతిని బలువురు భూమి నుమ్మడిగాఁ బంచుకొని యిండ్లు గుంపుగాఁ గట్టుకొన్న పశ్చిమపుఁ బల్లెలలో గ్రంథము వారి పేర్లను నొక్క బంధనచిహ్నమునఁ జేర్చి వదలును. ఏ యిల్లెవరిదో చెప్పదు. అచ్చట సర్వేశాఖవారి మొదటిపటమును, శతాబ్దాంతమున వెలువడిన యిరువదియైదంగుళముల పటమును బ్రక్కప్రక్కలఁ బెట్టి చూడవలెను. పెక్కుచోట్ల మొదటిదానిలో నల్లని చుక్కలవలె గుమికూడియున్న యిండ్లకు రెండవదానిలో గొఱ్ఱెలు మేయు బయలు మాత్రమే మిగిలియున్నది.