కడబంతి మీద కన్ను

2019 ఆగస్టు 27, తెల్లవారుజామున 3:30. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట పాత రూపాన్ని ‘క్లాసిక్’ పేరుతో ప్రపంచమంతటా ఒకేసారి తెరిచిన ఘడియ, మన గడియారంలో. బెంగళూరు మారతహళ్లిలో మా గది కింద ఆంధ్రా మెస్ షట్టర్ ఇంకా లేవలేదు. పైన మేం నలుగురం తెలుగువాళ్లం, నాలుగు ల్యాప్‌టాప్‌లు. మిగతా ముగ్గురూ కత్తి, విల్లు, నిప్పు పంచుకున్నారు. నేను పూజారిని ఎంచుకున్నాను. ఆ పూట నుంచి ఆ గదిలో నా పేరు మారిపోయింది. “పంతులూ, హీల్!” అన్న కేక వినకుండా నిద్రపోయిన రాత్రి ఆ ఏడాది తక్కువ.

ఈ ఆటలు ఎరగనివారికి రెండు మాటలు. పెద్ద రాక్షసుణ్ని ఒక్కరు పడగొట్టలేరు. టాంక్ ఎదురుగా నిలబడి దెబ్బలు కాచుకుంటాడు, డీపీఎస్ అనేవాళ్లు రాక్షసుణ్ని కొడతారు, హీలర్ వీళ్లందరి ప్రాణం నిలబెడతాడు. హీలర్లలో పాతకాపు ప్రీస్ట్, అంటే పూజారి. అతను రాక్షసుణ్ని చూసేది తక్కువ. అతని చూపంతా తెరమీద గళ్ల మీదే. ఒక్కో గడి ఒక్కో మనిషి ప్రాణం. క్లాసిక్‌లో మోల్టెన్ కోర్ అనే అగ్నిగుహకు 40 మంది వెళ్తారు. అయిదుగురి చొప్పున 8 గుంపులు, 40 గళ్లు.

పెళ్లిలో వడ్డన చేసినవాళ్లకు ఈ విద్య సగం వచ్చినట్టే. చెయ్యి తిరిగిన మనిషి పప్పు గిన్నె పట్టుకుని వరస వెంట నడుస్తూనే నాలుగు విస్తళ్ల అవతల ఏముందో చూస్తాడు. ఎవరికి కూర అయిపోవచ్చిందో, ఎవరు అడగడానికి మొహమాటపడుతున్నారో కనిపెడతాడు. నిండిన విస్తట్లో మళ్లీ వడ్డించడు. ఆటలో ఆ తప్పుకు ఓవర్‌హీలింగ్ అని పేరు. పూజారి చేతిలోని గిన్నె మనా, అంటే మంత్రాలకు ఖర్చయ్యే శక్తి. మొదటి వరసలోనే వంపేస్తే కడబంతికి అడుగు గీకాల్సిందే.

ఈ పాత్ర పుట్టుక ఇంటి కంప్యూటర్లకన్నా పాతది. 1970ల మొదట్లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ తన మిత్రులతో బల్లమీద ఆడించిన బ్లాక్‌మూర్ ఆటలో సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి అందరినీ మించిపోయాడు. అతణ్ని అడ్డుకోవడానికే క్లెరిక్ అనే పూజారి వచ్చాడు. 1974లో గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన డన్జియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఉన్న మూడు వర్గాల్లో అతనిదొకటి. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆట వచ్చాక ఈ పని కళగా మారింది. అందులో క్లెరిక్ పెద్ద మంత్రం కంప్లీట్ హీల్ పూర్తికావడానికి 10 సెకన్లు పట్టేది. పెద్ద రాక్షసుడి ముందు టాంక్ ప్రాణం అంతసేపు ఆగదు. అందుకని క్లెరిక్‌లు వరస కట్టుకుని, ఒకరు ఎత్తుకున్న కొద్ది సెకన్లకే ఇంకొకరు ఎత్తుకునేవారు. వేదపారాయణంలో ఒకరు ఊపిరి తీసుకునే చోట పక్కవారి గొంతు ఆగకుండా సాగుతుందే, అలాంటి పొందిక. వరసలో ఒక్కరు తడబడ్డా టాంక్ నేలకొరిగేవాడు.

యుద్ధంలో పురోహితుడి విలువ మన కథలకు కొత్త కాదు. శుక్రాచార్యుడు చచ్చిన అసురులను మృతసంజీవనితో లేపుతుంటే, ఆ విద్య నేర్చుకురమ్మని దేవతలు కచుణ్ని ఆయనకు శిష్యుడిగా పంపారని ఆదిపర్వ కథ. వజ్రాయుధం చేతిలో ఉన్నవాళ్లు కూడా ఆ ఒక్క విద్య కోసం శత్రువు గడప తొక్కారు. ఆటలోని పూజారికీ చచ్చినవాణ్ని లేపే మంత్రముంది. కానీ క్లాసిక్‌లో దానికి 10 సెకన్లు కావాలి, పైగా పోరు ఆగాకే అది పనిచేస్తుంది. పోరు సాగుతున్నంతసేపు అతను చెయ్యగలిగింది ఒక్కటే, ఎవర్నీ చావనివ్వకపోవడం.

అక్కడే పనితనం తెలుస్తుంది. గ్రేటర్ హీల్‌కు 3 సెకన్లు, అందుకు తగిన టాలెంట్ ఎంచుకున్న పూజారికి రెండున్నర. మంత్రం పూర్తయితేనే మనా ఖర్చవుతుంది, మధ్యలో ఆపితే ఒక్క చుక్కా పోదు. కొత్తవాడు దెబ్బ చూశాక మొదలుపెడతాడు. పాతవాడు దెబ్బకు ముందే ఎత్తుకుంటాడు, పడితే ముగిస్తాడు, పడకపోతే ఆఖరి క్షణంలో అడుగు పక్కకు వేసి ఆపేసి మళ్లీ మొదటికొస్తాడు. చూసేవాళ్లకు పిచ్చి గంతుల్లా ఉంటుంది. నాకు తెలిసినంతలో ఈ ఆటలోకెల్లా అందమైన పని అది.

ఊరుకోవడం ఇంకా కష్టం. మంత్రం వేశాక 5 సెకన్లపాటు, స్పిరిట్ అనే గుణం వల్ల ఊరే మనా ఆగిపోతుంది. ఆ 5 సెకన్లు దాటాక ఊట మళ్లీ మొదలు. ఎదురుగా ప్రాణాలు తరుగుతుంటే చేతులు ముడుచుకు కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. చిన్న గాయానికి అదే మంత్రం కింది మెట్టు వాడటం, అంటే చిన్న గరిటె తీసుకోవడం, ఆ పొదుపులో భాగమే. పవర్ వర్డ్ షీల్డ్‌ను మా గదిలో రక్షరేకు అనేవాళ్లం. ఒకరికి కట్టాక 15 సెకన్లదాకా వారికే మళ్లీ కట్టలేం కాబట్టి ఎవరికి ఎప్పుడన్నది ముందే తేల్చుకోవాలి.

బెంగళూరు నుంచి ఆడేవారికి దూరం అదనపు పరీక్ష. ఈ ఆటకు మన దేశంలో సర్వర్ లేదు. మేం యూరప్‌వాళ్లతో ఆడేవాళ్లం. చలికాలంలో వాళ్ల రాత్రి 8 గంటల రెయిడ్, అంటే గుంపుగా చేసే దండయాత్ర, మనకు 12:30కి. ఫ్రాంక్‌ఫర్ట్‌నే లెక్కకు తీసుకుంటే దూరం సుమారు 7,400 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, తిన్నగా వెళ్లినా రానూపోనూ 74 మిల్లీసెకన్లు. సముద్రం చుట్టూ తిరిగే తీగలకు ఇంకా ఎక్కువ, మాకు 150 పైనే. నేను చూస్తున్న టాంక్ ప్రాణం అప్పటికే గడిచిపోయిన సంగతి. కాబట్టి గడి వంక చూసి లాభం లేదు. రాక్షసుడు చెయ్యెత్తే తీరును చూసి ఎత్తుకోవాలి. ఈ దూరం నన్ను మంచి పూజారిని చేసిందని నా నమ్మకం.

తప్పూ చేశాను. మోల్టెన్ కోర్‌లో మొదటి బాస్, అంటే పెద్ద రాక్షసుడు, లూసిఫ్రాన్ చాలామందికి ఒకేసారి ఒక చేటుమంత్రం అంటిస్తాడు. 10 సెకన్లలో పూజారి దాన్ని డిస్పెల్ మంత్రంతో తీసేయకపోతే 2,000 ప్రాణం పోతుంది. నూలుబట్ట కట్టుకున్న మంత్రగాడికి అది పెద్ద దెబ్బ. ఓ రాత్రి నేను ముందు మా గదివాళ్ల ముగ్గురి మీది చేటుమంత్రం తీశాను. ఎనిమిదో గుంపులో ముక్కూమొహం తెలియని ఒక మంత్రగాడు పడిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మనవాడు కానివాడి సంగతి ఆ సామెత చెప్పదు. ఆ సంగతి నాకు ఆ రాత్రి తెలిసింది.

మంచి మనసున్న వైద్యం కూడా కీడు చెయ్యగలదని 2005 సెప్టెంబరులో ఇదే ఆట చూపించింది. ఆటలో జుల్‌గురుబ్ అనే చోట హక్కర్ అనే బాస్ అంటించే కరప్టెడ్ బ్లడ్ అనే రోగం, ఓ పొరపాటు వల్ల ఆ చోటు దాటి నగరాలకు పాకింది. హీలర్లు పరుగున వెళ్లి రోగులకు వైద్యం చేశారు. రోగులు చావకుండా తిరుగుతూ ఇంకొందరికి అంటించారు. ఎరిక్ లోఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మాన్ 2007లో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో దీని గురించి రాశారు. ఆటలోని మనుషుల నడత నుంచి అంటువ్యాధుల శాస్త్రం నేర్చుకోదగింది ఉందని వారి వాదన.

పూజారి పెద్ద పరీక్ష ఆటలోని తూర్పు ప్లేగ్‌లాండ్స్ అనే ప్రాంతంలో ఉంది. మోల్టెన్ కోర్‌లో దొరికే ఐ ఆఫ్ డివినిటీ ధరించి అక్కడికి వెళ్తే, ఊళ్లు వదిలి పారిపోతున్న రైతులు కనిపిస్తారు. పైనుంచి బాణాలు కురుస్తుంటాయి, కొందరికి జబ్బు కూడా. తోడు ఎవరూ రాకూడదు. 50 మందిని దాటించాలి, 15 మంది చనిపోతే ఓడినట్టే. ఆ రైతులు అరవరు, పేరు పెట్టి పిలవరు, వాళ్లలో మన గదివాళ్లు లేరు. బెనెడిక్షన్ అనే కర్రకు దారి ఆ పరీక్షే. ఆ కర్రను వీపున వేసుకుని ఊళ్లోకి వచ్చిన పూజారిని గుర్తుపట్టని ఆటగాడు ఆ రోజుల్లో లేడు.

కొత్తగా పూజారిని ఎంచుకునేవారికి నా మనవి ఒక్కటే. ఎవరెంత కొట్టారో చూపే పట్టికను మొదటి నెలంతా మూసేయండి. గళ్లు అమర్చుకునేటప్పుడు ఎనిమిదో గుంపును, మీ చూపు ముందుగా పడేచోట పెట్టుకోండి.