రెండో కుర్చీలో ముప్ఫై మూడేళ్లు

అమెరికాలో శనివారం కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుంటే టీవీ కెమెరా మాటిమాటికీ హెడ్ కోచ్ ముఖం మీదికే పోతుంది. గెలిస్తే ఆయన గొప్ప, ఓడితే ఆయన తప్పు. ఎదుటి జట్టు ఎత్తు పసిగట్టి, విరుగుడు ఆలోచించి, ఇరవై ఏళ్ల కుర్రాళ్ల చేత దాన్ని ఆడించే పని మాత్రం చాలావరకు అసిస్టెంట్ కోచ్‌లదే. హెడ్ కోచ్‌కు ఉద్వాసన పలికితే వీళ్లలో చాలామంది కూడా మూటాముల్లె సర్దుకోవాలి.

ఇది మన దగ్గర కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తుతారు, చేత్తో విసురుతారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. ఒక ప్రయత్నానికీ ఇంకోదానికీ మధ్య మామూలుగా 40 సెకన్లు. వాళ్లను ఆపే పని చూసే అసిస్టెంట్, అంటే డిఫెన్స్ కోఆర్డినేటర్, ఆ కాస్త వ్యవధిలోనే పదకొండు మందినీ ఎక్కడ నిలపాలో తేల్చి, మైదానంలోకి కబురు పంపాలి.

అంత వేగంగా తేల్చాలంటే వారమంతా కసరత్తు చేయాలి. ప్రత్యర్థి పాత మ్యాచ్‌ల వీడియోలను ఒక్కో ప్రయత్నంగా విడదీస్తారు. అది ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు కావాలి, ఆటగాళ్లు ఏ వరసలో నిలబడ్డారు, చివరికి బంతి ఎటు పోయింది అన్నీ రాసుకుంటారు. ఆ లెక్కల్లోంచి ఎదుటివాళ్ల అలవాట్లు బయటపడతాయి. తర్వాత సొంత జట్టులోని అదనపు ఆటగాళ్ల చేత అచ్చం ప్రత్యర్థిలా ఆడించి సాధన చేయిస్తారు. వీటి మధ్యనే హైస్కూల్ కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులను ఒప్పించి, వాళ్లను తమ కాలేజీకి తెచ్చుకోవాలి.

ఈ విద్య ఎక్కువగా పెద్ద కోచ్ దగ్గర ఉండి నేర్చుకునేదే. తొలి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. నిక్ సేబన్ 1973లో కెంట్ స్టేట్‌లో అలాగే మొదలుపెట్టాడు. భార్య చదువు ఇంకో ఏడాది మిగిలి ఉండటంతో ఆ పని ఒప్పుకున్నాడు. తర్వాత హెడ్ కోచ్‌గా ఏడు జాతీయ టైటిళ్లు గెలిచాడు. ఆర్కాన్సా హెడ్ కోచ్ ఫ్రాంక్ బ్రాయిల్స్ దగ్గర అసిస్టెంట్లుగా పనిచేసిన జో గిబ్స్, జిమ్మీ జాన్సన్, బారీ స్విట్జర్ ముగ్గురూ దరిమిలా హెడ్ కోచ్‌లై ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు. 1996 నుంచి దేశంలో ఉత్తమ అసిస్టెంట్‌కు ఇస్తున్న అవార్డు బ్రాయిల్స్ పేరు మీదే ఉంది.

అయితే పై కుర్చీ ఎక్కకుండానే ఈ పనిలో ఎంత దూరం పోవచ్చో బడ్ ఫోస్టర్ చూపించాడు. ముర్రే స్టేట్‌లో ఫ్రాంక్ బీమర్ దగ్గర ఆడిన ఈయన, 1987లో గురువు వెంటే వర్జీనియా టెక్‌కు వచ్చాడు. 1995 నుంచి డిఫెన్స్ పగ్గాలు పట్టాడు. ఆ ఏడాదే గని కార్మికులు అన్నం పట్టుకెళ్లే పాత రేకు డబ్బా ఒకటి జట్టులోకి వచ్చింది. కష్టపడి ఆడినవాడికే దాన్ని మోసే గౌరవం. పేరున్న కుర్రాళ్లు పెద్ద కాలేజీలకు పోతుంటే, మిగిలినవాళ్లలో ఒళ్లు దాచుకోనివాళ్లను ఏరి తయారుచేయడం అక్కడి పద్ధతి.

ఓటములూ ఉన్నాయి. 2000 జనవరిలో జాతీయ టైటిల్ మ్యాచ్‌లో వర్జీనియా టెక్ 29-46తో ఫ్లోరిడా స్టేట్ చేతిలో ఓడింది. అవతల డిఫెన్స్ నడిపింది మిక్కీ ఆండ్రూస్, బ్రాయిల్స్ అవార్డు అందుకున్న తొలి కోచ్. ఫోస్టర్‌కు అదే అవార్డు 2006లో దక్కింది.

2015 సీజన్‌తో హెడ్ కోచ్ బీమర్ తప్పుకున్నాడు. కొత్తగా వచ్చిన జస్టిన్ ఫ్యూయెంటే తన మనుషులను తెచ్చుకున్నా, ఫోస్టర్‌ను మాత్రం కదపలేదు. 2019 నవంబరులో సొంత మైదానంలో ఫోస్టర్ చివరి మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్ ఒక్క పాయింటూ చేయలేక 0-28తో ఓడింది. అంతకు ముందు వారం జార్జియా టెక్‌దీ అదే గతి, 0-45.