ఏడు వందల అడుగుల గీత

కొండల నడుమ నిలిచిన నీటిలో కయాక్ నడిపి, ఒడ్డున గుడారం వేసుకుని రాత్రి గడిపే అభ్యాసాన్ని పూర్వపు ఆదిలాబాద్ జిల్లాకు అన్వయించేటప్పుడు మొదట గుర్తించవలసినది, సరస్సుగా కంటికి కనిపించే కడెం జలాశయం ఒక ఆనకట్ట నిలిపిన నీరని, దాని ఒడ్డు ఏటా, ఒక్కోసారి ఒక్క రాత్రిలోనే జరుగుతుందని. బోథ్ ప్రాంతపు కొండల్లో పుట్టిన కడెం వాగు కుంటాల వద్ద జలపాతమై దూకి, అడవుల గుండా సాగి, గోదావరిలో కలిసే ముందు ఈ కట్ట వద్ద ఆగుతుంది. 1949లో మొదలైన ఈ కట్టకు 1958 వరదల్లో గండిపడగా, నిర్మాణం 1965 నాటికి గాని పూర్తి కాలేదు. దీని పూర్తి నీటిమట్టం, అంటే నీరు నిలపదగిన గరిష్ఠ ఎత్తు, సముద్రమట్టానికి 700 అడుగులు. ఆ గీత వద్ద నిలిచే నీరు సుమారు ఏడున్నర టీఎంసీలు, ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2022 జూలైలో పద్దెనిమిది గేట్ల శక్తికి మించిన వరద వచ్చి నీరు గేట్ల మీదుగా పొర్లగా, మరుసటి జూలైలోనూ ఆ భయమే పునరావృతమైంది.

కయాక్ అనేది ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు సీల్ చర్మంతో కట్టుకున్న వేట పడవ. రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో, దాదాపు నీటిమట్టానికే కూర్చుని నడిపేది. కొత్తవారు చేతులతో లాగి అరగంటలో అలసిపోతారు గాని, బలం నడుము తిప్పడంలో ఉంటుంది, చేతులు తెడ్డును పట్టుకోవడానికే. అంత కిందుగా కూర్చున్నవారికి మునిగిన చెట్ల మోళ్లు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. అడ్డంగా కట్టిన వలల బెండ్లను చుట్టి పోకపోతే చిక్కు పడవకే కాదు, ఒకరి కూటికి కూడా. నీటిని చదివే ఈ విద్యలో థర్మాకోల్ తెప్ప మీద వల వేసే జాలరి, ఖరీదైన పడవ తెచ్చిన పర్యాటకునికి గురుతుల్యుడు, అయితే ఆ గురువును అడిగేవారే అరుదు.

గుడారం సంగతి ఇంకా సున్నితమైనది. చేరువలోనే ఉన్న కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటితమైంది, అందువల్ల అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ అడుగు పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దిగువన మంథని వైపు గోదావరిలో శివారం అభయారణ్యాన్ని మొసళ్ల కోసమే ఏర్పరచారన్న సంగతి తెలిసినవారు చేపల వ్యర్థాలను నీటి అంచున పారవేయరు, అక్కడ పడుకోరు. అనుమతి ఉన్న చోట కూడా గుడారానికి స్థలాన్ని ఆ సాయంత్రపు నీటి అంచును చూసి గాక, పాత వరదలు రాళ్ల మీద, చెట్ల మొదళ్ల మీద విడిచిన ఒండ్రు మరకకు ఎగువన ఎంచుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చినుకు రాలకపోయినా పైకొండల వాన రాత్రికి రాత్రే చేరగలదు.

వానాకాలంలో వెళ్లదలచినవారు వాతావరణ సూచనను కడెంకు మాత్రమే కాక, ఎగువన ఉన్న బోథ్, నేరడిగొండ మండలాలకు కూడా చూసుకుని బయలుదేరాలి.