తెరచాపను చీల్చుకుంటూ

1926 నాటి ‘ది బ్లాక్ పైరేట్’లో ఒక షాట్ ఉంది. ఓడ కొయ్య మీదున్న డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ తెరచాపలో కత్తి గుచ్చి, పిడి గట్టిగా పట్టుకుని, గుడ్డను నిలువునా చీల్చుకుంటూ కిందికి జారిపోతాడు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. మూకీ సినిమా కదా, చప్పుడు లేదు. అయినా గుడ్డ పర్రున చిరిగిన చప్పుడు విన్నట్టే ఉంటుంది.

నిజానికి తెరచాప గుడ్డ అంత వాటంగా చిరగదు. అందుకే ముందే చింపి, పైపైన కుట్లు వేసి ఉంచారు. తెరచాపను ఏటవాలుగా నిలిపి, కెమెరానూ అందుకు తగ్గట్టు వంచారు. మనిషి దబ్బున పడిపోకుండా అవతల బరువు కట్టారు. ఇంత కనికట్టులోనూ జారింది మనిషే, చిరిగింది గుడ్డే. పాత ఓడదొంగల సినిమాల మీద నా ప్రేమంతా ఇక్కడే ఉంది. మాయ కుట్టులోనూ కెమెరా కోణంలోనూ దాక్కుంటుంది. తెర మీది వస్తువుకు మాత్రం బరువుంటుంది.

అన్నిటికంటే మొండిది నీరు. ఓడకు బొమ్మ చేయొచ్చు, అలకు చేయలేం. బొమ్మ ఎంత చిన్నదైనా నీటి చుక్క మాత్రం చిన్నదవదు. బుల్లి ఓడ పక్కన చిందిన చుక్క కొబ్బరికాయంత కనబడి గుట్టు బయటపెట్టేస్తుంది. అందుకే బొమ్మల్ని వీలైనంత పెద్దవిగా చేసేవారు. ఇంకో చిక్కు, చిన్న అల గబగబా లేచి పడిపోతుంది. దానికి విరుగుడు కెమెరా వేగం పెంచడం. అసలు ఓడలో పదహారో వంతున్న బొమ్మను సెకనుకు 96 ఫ్రేముల చొప్పున తీసి, మామూలుగా 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే అల నాలుగు రెట్లు నిదానిస్తుంది. పదహారుకు వర్గమూలం నాలుగు, లెక్క అంతే. అది కుదిరిందా, తొట్టిలో నీళ్లు సముద్రమై కూర్చుంటాయి. ఇవాళ గ్రాఫిక్స్‌లో కొండంత అల లేపడం కష్టం కాదు. కానీ నీటితో పేచీపడి గెలిచిన ఈ అలను చూసినప్పుడు కలిగే ఆనందం వేరు.

మైకేల్ కర్టిజ్ తీసిన ‘ది సీ హాక్’ (1940) కోసం వార్నర్ బ్రదర్స్ నీళ్లు నింపే వీలున్న కొత్త స్టేజీనే కట్టించింది. అందులో అసలు సైజు ఓడలు రెండు, ఒకటి 135 అడుగులు, ఇంకొకటి 165. సముద్రం అలలాడుతున్నట్టు భ్రమ కలిగించే యంత్రాన్ని కళాదర్శకుడు ఆంటన్ గ్రాట్ రూపొందించాడు. దానికి అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. అలాంటి చోట పదులకొద్దీ మనుషులు తాళ్లు పట్టుకుని ఒక ఓడ మీంచి ఇంకో ఓడ మీదికి దూకితే, అందరూ ఒకేలా దిగరు. ఒకడి తాడు ముందే బిగుసుకుంటుంది, ఇంకొకడు దిగుతూనే పక్కవాణ్ణి రాసుకుంటాడు. ఆ తడబాటే యుద్ధాన్ని నమ్మిస్తుంది.

‘ది క్రిమ్సన్ పైరేట్’ (1952) అయితే పూర్తిగా ఒంటి విద్య. బర్ట్ లాంకాస్టర్, నిక్ క్రావట్ కుర్రతనంలోనే సర్కస్‌లో జంటగా విన్యాసాలు చేసినవాళ్లు. కాబట్టి దర్శకుడు రాబర్ట్ సియోడ్‌మాక్‌కు డూపు మొహం దాచే అవస్థ లేదు. ఇటలీలోని ఇస్కియా దీవి ఎండలో కెమెరాను వెనక్కి జరిపి, మనిషిని కాలి మడమ దాకా చూపించాడు. క్రావట్ బ్రూక్లిన్ యాస ఆ కాలపు కథకు అతకదని అతనిది మూగ పాత్ర చేశారు. దాంతో అతని సంతోషం, కంగారు, వెక్కిరింత అన్నీ గెంతుల్లోకీ పిల్లిమొగ్గల్లోకీ వచ్చి చేరాయి.