బెర్లిన్ ప్రతి దొరికింది, మన ప్రతి ఏదీ?

డాక్టర్ మొహమ్మద్ హమీదుల్లా పేరు మన తెలుగు సాహిత్య సభల్లో వినపడదు. ఉర్దూ ఇళ్ళలో వినపడుతుంది గానీ, అక్కడ ఆయన చరిత్రకారుడిగా కాక బుజుర్గ్‌గా మిగిలిపోయారు. పేరెత్తగానే మేమంతా చెప్పుకునేది ఒకటే. పెళ్ళి చేసుకోలేదు, పారిస్‌లో ఒంటరిగా బతికారు, ఏ దేశ పౌరసత్వమూ పుచ్చుకోలేదు. త్యాగం కథ చెప్పుకుంటే పుస్తకాలు చదివే శ్రమ తప్పుతుంది కదా!

1908లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో చదివి, బాన్‌లో, సోర్బాన్‌లో డాక్టరేట్లు చేసి, తిరిగొచ్చి ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయం బోధించారు. 1948లో హైదరాబాద్ ఫిర్యాదుతో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన నిజాం ప్రభుత్వ బృందంలో ఆయనా ఒకరు. భద్రతామండలి పారిస్‌లో సెప్టెంబర్ 16న ఆ ఫిర్యాదు చేపట్టింది. మర్నాడు ఇక్కడ నిజాం లొంగిపోయాడు. పంపిన రాజ్యమే లేకుండా పోయింది. ఆయన ఏ దేశానికీ చెందని కాందిశీకుడిగా 1996 దాకా పారిస్‌లోనే ఉండిపోయారు. 2002లో అమెరికాలో కన్నుమూశారు.

ఆయన చేసిన పనుల్లో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది సహీఫా హమ్మామ్ బిన్ మునబ్బిహ్. హదీసులు రెండు శతాబ్దాలపాటు నోటిమాటగా నడిచి తర్వాతెప్పుడో కాగితమెక్కాయి, కాబట్టి వాటిని నమ్మలేమని యూరప్ పండితులు కొందరు వాదించేవారు. మన మౌల్వీసాబులు దానికి కోపంతో జవాబిచ్చారు. హమీదుల్లా రాతప్రతులు వెతికారు. బెర్లిన్‌లో ఒక ప్రతి, దమాస్కస్‌లో ఇంకొకటి. హమ్మామ్ తన గురువు అబూ హురైరా దగ్గర విని రాసుకున్న 138 హదీసులు వాటిలో ఉన్నాయి. రెండు ప్రతుల్నీ పక్కపక్కన పెట్టి, మాట మాటా పోల్చి, 1953లో దమాస్కస్‌లో అచ్చు వేయించారు. చేతికందిన ప్రతులు హమ్మామ్ కాలంవి కావు, తర్వాతి శతాబ్దాల నకళ్ళు. అందుకే సందేహించేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఉండాలి కూడా. అయినా తగవు కోపం మీద నుంచి కాగితం మీదకొచ్చింది. ఇంత ఓపిక మా ఉపన్యాసాల్లో ఎప్పుడైనా చూశామా?

అయితే ఆయన చూపంతా రాజ్యం మీదే. ఒప్పందాలు, రాయబారాలు, పాలకుల ఉత్తరాలు. మదీనా ఒడంబడికను ప్రపంచంలోనే మొదటి లిఖిత రాజ్యాంగమని 1941లో పుస్తకం రాశారు. ముస్లింలూ యూదులూ ఎవరి దీన్‌లో వాళ్ళుంటూ ఒకే కట్టుబాటు కింద బతకాలన్న పత్రమది. బాగానే ఉంది. మరి ఆయన ఎవరి తరఫున పారిస్ వెళ్ళారో ఆ రాజ్యంలో అలాంటి కాగితం ఎవరికైనా దక్కిందా? వెట్టి చేసినవాడికి దక్కిందా? రజాకార్లు తగలబెట్టిన ఊళ్ళకు దక్కిందా? దర్బారు ఉర్దూ రాని మా దూదేకుల తాతలకు దక్కిందా? ఈ ప్రశ్న ఆయన పుస్తకాల్లో మాకు కనపడలేదు. 1980లో బహావల్‌పూర్‌లో, చేతిలో కాగితం లేకుండా, తేట ఉర్దూలో పన్నెండు ఉపన్యాసాలిచ్చారు. వాటిని మళ్ళీ మళ్ళీ చదివిన మాకు అక్కడా దొరకలేదు.

ఆయనకు పేరు తెచ్చిన గ్రంథాల్లో 1948 హైదరాబాద్ లేదు. గాయం మీద చెయ్యి పెట్టలేకపోయారేమో. పదమూడు శతాబ్దాల కిందటి నష్టాన్ని పూడ్చడం తేలికనిపించిందేమో. నిందించడానికి మాకు నోరు రాదు. ఆయన ఒక్కడే, అదీ పరాయి నేల మీద. ఇక్కడే ఉన్న మనమేం చేశాం? పోలీస్ యాక్షన్ తర్వాతి హత్యాకాండపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారన్నది ఆ కమిటీ అంచనా. ఎక్కువ నష్టపోయినవిగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల పేర్లు రాసింది.

మా దాదీ ఊరు ఆ నాలుగింటిలోదీ కాదు. ఆ రోజుల సంగతి ఆమె ఉర్దూలో మొదలుపెట్టి, పోయినవాళ్ళ పేర్ల దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి మారేది. దాచినవాళ్ళ పేర్లూ అందులో ఉండేవి, వాళ్ళలో హిందువులూ ఉన్నారు. బీఏలో చరిత్ర చదువుతున్న రోజులవి. ఆ పేర్లు మేం రాసిపెట్టుకోలేదు.