బెల్లం రంగు ప్లగ్గు

మా వేపచెట్టు కింది మారుతీ 800కి పాతికేళ్లు దాటాయి. 1983లో మొదలై 2014 జనవరిలో ఆగిపోయిన వరసలో ఇది కార్బురేటర్ నాటిది. 796 సీసీ, మూడు సిలిండర్లు. విప్పాల్సినవి మూడే ప్లగ్గులు కాబట్టి నాలాంటి ఆదివారం మేస్త్రీకి సరిగ్గా సరిపోతుంది.

మొన్న వేసవిలో శారదా నది వంతెన మీద మిస్సింగ్ మొదలైంది. ఐడిలింగ్ నిలవదు. గ్యారేజీలో కార్బురేటర్ మొత్తం మార్చెయ్యాలన్నారు. మాట్లాడకుండా ఇంటికి తెచ్చేశాను.

ఇంజన్ చల్లారాక ప్లగ్గులు విప్పాను. అనకాపల్లి వాడికి ప్లగ్గు చూడ్డం ఒకరు నేర్పక్కర్లేదు, మార్కెట్లో బెల్లం దిమ్మల రంగు చూస్తూ పెరిగిన కళ్లు కదా! కొన లేత బెల్లం రంగులో ఉంటే మంట బాగున్నట్టు. మసిబారితే పెట్రోలు ఎక్కువైనట్టు. నూనె జిడ్డుంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగినట్టు. తెల్లగా మెరిస్తే మాత్రం, హైడ్రోస్ కలిపిన బెల్లాన్ని చూసినట్టు అనుమానించాలి. గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదన్నమాట. నావి మూడూ తెలుపే. ఒక్కటే తెల్లబడితే ఆ సిలిండర్ సంగతి చూడాలి. మూడూ తెల్లబడ్డాయంటే జబ్బు ఉమ్మడిది.

ఇంజన్ ఆడుతుండగా వాక్యూమ్ పైపులు ఒక్కొక్కటే వేళ్లతో నొక్కాను. మూడోది నొక్కగానే ఆయాసం తగ్గింది. విప్పి వంచితే చివర సన్నటి పగుళ్లు. కొత్త పైపుకి వంద రూపాయలు కూడా కాలేదు.

పక్కనే పెట్రోలు పైపు మెత్తబడి ఉంది. నా అనుమానం ఇథనాల్ మీద. 2025కల్లా పెట్రోలులో దాని పాలు 20 శాతానికి చేరింది. పాత రబ్బరుకి అది పడదు. పైగా గాలిలోని తేమను పీలుస్తుంది, కాబట్టి నెలల తరబడి బండిని కదపకుండా ఉంచకూడదు. ఇథనాల్ కాలడానికి పెట్రోలుకన్నా తక్కువ గాలి చాలు. కొత్త బళ్లలో సెన్సర్ చూసుకుని సర్దుతుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, జెట్ రంధ్రం ఎంతుంటే అంతే. చెరకు రసం నుంచీ మొలాసిస్ నుంచీ వచ్చే సరుకు మరి, ఈ ఊళ్లో ఉంటూ తిట్టడానికి నోరు రాదు.

రెండు పైపులూ మార్చి, ప్లగ్గుల గ్యాప్ సరిచేశాను. నెల తర్వాత మళ్లీ విప్పి చూశాను. రెండు బెల్లం రంగుకి వచ్చాయి. మూడోది ఇంకా తెల్లగానే ఉంది.