గాథిక్ నవలలో మంచిచెడుల ద్వంద్వము

ఆంగ్ల సాహిత్యమున గాథిక్ నవల యను శాఖ 1764లో హొరేస్ వాల్పోల్ రచించిన 'ఒట్రాంటో కోట'తో ఆరంభమైనదని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. శిథిలమైన కోటలు, నేలమాళిగలు, వంశమును వెంటాడు శాపములు, అర్ధరాత్రమున నడయాడు ఛాయలు ఆ నవలలకు ముఖ్యమైన సామగ్రి. కథ జరుగు చోటు తరచుగా దూరదేశము. కాలము ఏనాడో గతించిన కాలము. కావున పాఠకుడు తన ఇంట సుఖముగా కూర్చుండి భయపడగలిగెడివాడు. విక్టోరియా రాణి పరిపాలనము (1837–1901) ముగియవచ్చిన కాలమున ఈ భయము తన నివాసమును మార్చుకొనినది. పాడుపడిన కోటను విడిచి లండను నగరమున, పదిమంది గౌరవించు వైద్యుని గృహమున కాపురము పెట్టినది. స్టీవెన్సన్ రచించిన 'డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్' (1886), ఆస్కార్ వైల్డ్ రచించిన 'డోరియన్ గ్రే చిత్రపటము' (పత్రికలో 1890, గ్రంథరూపమున 1891), బ్రామ్ స్టోకర్ రచించిన 'డ్రాకులా' (1897) ఈ మార్పునకు మూడు ప్రధాన నిదర్శనములు.

ఈ మూడు గ్రంథములును మంచికిని చెడుకును జరుగు సంగ్రామమును చిత్రించినవని చెప్పుట వాడుక. రామరావణ యుద్ధమును చిన్ననాటినుండి వినుచున్న తెలుగు పాఠకునకు ఈ వ్యాఖ్య సులభముగా రుచించును. కాని గ్రంథములను నిదానముగా చదివినచో ఈ వ్యాఖ్య నిలువదు. వీనియందు చెడుగు భయంకరమే. అంతకంటె భయంకరమైనది, చెడును తననుండి వేరుచేసి మరియొకచోట దాచవచ్చునను మానవుని నమ్మకము.

స్టీవెన్సన్ జన్మస్థానమైన ఎడింబరో నగరమున 18వ శతాబ్దియందు విలియం బ్రోడీ యనునొక వ్యక్తి ఉండెను. పగలు అతడు పేరుమోసిన వడ్రంగి, నగరసభలో సభ్యుడు. రాత్రివేళ ఇండ్లకు కన్నములు వేయు దొంగ. 1788లో అతనిని ఉరితీసిరి. స్టీవెన్సన్ బాల్యమున నివసించిన గదిలో బ్రోడీ చేసిన బీరువా యొకటి ఉండెడిది. ఈతని చరిత్రనే తీసికొని స్టీవెన్సన్ తన మిత్రుడు హెన్లీతో కలిసి నాటకమును రచించెను. జెకిల్ కథకు బీజము ఇట్టి జీవితములలో నున్నది. జెకిల్ ఇంటికి రెండు వాకిళ్లు. ముందువాకిలి పెద్దమనుషులు నివసించు చౌకమునకు తెరచుకొనును. ప్రయోగశాలకు చేరిన వెనుకవాకిలి పెచ్చులూడి, గంటయైనను లేక, ప్రక్క సందులోనికి తెరచుకొనును. ఇల్లు ఒక్కటే. 

విమర్శకులు తరచుగా దాటిపోవు విషయ మిచట ఒకటి కలదు. జెకిల్ సేవించిన ఔషధము అతనిని రెండుగా చీల్చినదని అందరును అందురు. ఒకవైపు కేవల దుష్టుడైన హైడ్ పుట్టెను, నిజమే. మరియొకవైపు కేవల సజ్జనుడు పుట్టవలెను గదా? పుట్టలేదు. ఔషధమునకు పూర్వము ఎట్టి మిశ్రమస్వభావుడో జెకిల్ ఆ తరువాతను అట్టివాడుగనే ఉండెను. తన తుది వాఙ్మూలమున జెకిల్ ఈ మాటను తానే అంగీకరించెను. కావున ఇది సరితూగిన ద్వంద్వము కాదు. చెడును మూటగట్టి వెలుపలికి పంపినచో లోపల శుద్ధమైన మంచి మిగులునను లెక్క తప్పినది. మరియు జెకిల్ యౌవనమున చేసిన పాపములు ఘోరమైనవి కావు. మరియొకడైనచో వానిని గొప్పగా చెప్పుకొనియుండునని అతడే వ్రాసికొనెను. ఘోరమైనది అతని సిగ్గు. పదిమందిలో తల యెత్తుకొని తిరుగవలెననెడు కాంక్షయే వెనుకవాకిలిని నిర్మించినది. హైడును కన్నది పాపము కాదు, పరువు.

వైల్డ్ ఇదే సమస్యను సౌందర్యరంగమునకు తెచ్చెను. డోరియన్ ముఖము నిత్యయౌవనముతో వెలుగుచుండ, అతని పాపపు గుర్తులన్నియు బాసిల్ హాల్వర్డ్ వ్రాసిన చిత్రపటముపై పడుచుండును. ఆ పటమును అతడు తన ఇంటి పైఅంతస్తున, చిన్ననాడు చదువుకొనిన గదిలో తాళము వేసి దాచును. కథాంతమున డోరియన్ ఒక పల్లెపడుచును చెరుపక విడిచిపెట్టి, ఈ సత్కార్యముచేత పటము కొంత బాగుపడియుండునేమోయని దీపము తీసికొని పోయి చూచును. పటము బాగుపడలేదు సరిగదా, నోటివద్ద కపటపు ముడుత యొకటి క్రొత్తగా చేరియుండెను. లాభము నాశించి చేసిన పుణ్యమును ఇంత నిష్కర్షగా తూచిన ఘట్టములు అరుదు. ఈ నవలయందలి భాగములనే 1895లో న్యాయస్థానమున చదివి వైల్డునకు ప్రతికూలముగా ప్రయోగించిరి. రెండు జీవితములు గడపవలసిన నిర్బంధమును చిత్రించిన రచయితను అదే సమాజము రెండవ జీవితమునకై శిక్షించినది.

1888లో జెకిల్ కథ నాటకరూపమున లండనులోని లైసియం రంగశాలయందు ప్రదర్శితమైనది. ఆ రంగశాల వ్యవహారములను నడపుచుండినవాడు బ్రామ్ స్టోకర్. అతని 'డ్రాకులా'లో చెడుగు లోపల పుట్టదు. కార్పేతియన్ పర్వతములనుండి ఓడలో వచ్చును. మొదటి చూపునకు ఇది పాత గాథిక్ పద్ధతికి మరలినట్లు తోచును. కాని రెండు నియమములు ఈ అభిప్రాయమును సవరించును. ఒకటి: ఇంటివారిలో నొకరు పిలువనిదే డ్రాకులా ఆ గడప మొదటిసారి దాటలేడు. రెండవది: అతని నీడ అద్దమున కనబడదు. హార్కర్ క్షౌరము చేసికొనుచు అద్దములోనికి చూచినప్పుడు, ప్రక్కనే నిలిచిన డ్రాకులాకు బదులుగా తన ముఖమొక్కటియే కనబడును. స్టోకర్ ఎంత ఉద్దేశించెనో కాని, రాక్షసుని వెదకిన కంటికి తన ముఖమే తోచుట గంభీరమైన సంకేతము.

ఈ నవలలకు ఒక పెద్ద లోపము కూడ కలదు. చెడుగు ఎట్లుండునో వీనికి ముందే తెలిసినట్లుండును. హైడ్ పొట్టివాడు, చూచినంతనే ఏవగింపు పుట్టించువాడు, డ్రాకులా పరదేశి. పుర్రె ఆకారమునుబట్టి నేరస్థుని గుర్తింపవచ్చునని బోధించిన లొంబ్రోసో పేరు 'డ్రాకులా'లో స్పష్టముగనే వచ్చును. అంతేకాదు: ఆ నవల దినచర్యలతోను, ఉత్తరములతోను, తంతివార్తలతోను అల్లబడినది; అందరును వ్రాయుదురు, డ్రాకులా మాత్రము తన కథను చెప్పుకొనడు. హైడ్ కథను సైతము జెకిలే చెప్పును. చెడునకు నోరులేకుండ చేసి తీర్పు చెప్పుట ఈ సాహిత్యపు బలహీనత. వలసరాజ్యములను ఏలుచున్న జాతి తన భయములను పరదేశిపై మోపిన రీతియు ఇందు కనబడుచున్నది.

ఇచట తెలుగు పాఠకునకు పరిచితమైన యొక కథను స్మరించుట యుక్తము. బేతాళ కథలను రిచర్డ్ బర్టన్ 1870లో ఆంగ్లమున తిరిగి చెప్పుచు బేతాళునకు 'వాంపైర్' అని పేరు పెట్టెను. పేరు కుదిరినది కాని స్వభావము కుదురలేదు. బేతాళుడు రక్తము త్రాగడు. రాజు భుజముపై కూర్చుండి న్యాయాన్యాయములను ప్రశ్నించును. 11వ శతాబ్దిలో సోమదేవుడు సంస్కృతమున చెప్పిన కథలో రాజును బలి యిచ్చుటకు పన్నాగము పన్నినవాడు శాంతవేషధారియైన భిక్షువు. ఆ సంగతిని ముందుగా హెచ్చరించి రాజును కాపాడినవాడు శవములో నున్న బేతాళుడు. భయంకరమైన రూపము హితము చెప్పినది, పవిత్రమైన వేషము కత్తి నూరినది. పైగా ఇచట పిశాచమునకు నోరున్నది.

'డ్రాకులా' లండనులో వెలువడిన 1897వ సంవత్సరముననే గురజాడ అప్పారావు రచించిన 'కన్యాశుల్కము' తొలికూర్పు ముద్రితమైనది. ఈ రెంటికిని సంబంధము లేదు. ఒకటి భయము, మరియొకటి హాస్యము. కాని ఆంగ్లవిద్యతోపాటు తెలుగునాట అడుగిడిన క్రొత్త పరువును గురజాడ కన్ను తప్పించుకొనలేదు. గిరీశము వితంతు వివాహమును గూర్చి ఉపన్యసించును, వేశ్యల ఇండ్లకు పోరాదని బోధించును. అతని వెనుకవాకిలి మధురవాణి ఇంటి మంచము క్రింద నున్నది. ఇతనిని రెండు శరీరములుగా విడదీయుటకు ఏ ఔషధమును అక్కరలేదు. ముఖమునను వికారము లేదు, మాట తేనె. చెడుగు కంటికి తెలియునను విక్టోరియా యుగపు భ్రాంతి ఈ నాటకమునకు లేదు.

1909నాటి రెండవ కూర్పున గురజాడ ఇంకను లోతునకు పోయెను. సౌజన్యారావు పంతులు నిజముగా ధర్మాత్ముడు. వేశ్యల ముఖము చూడనని నియమము పెట్టుకొనినవాడు. లుబ్ధావధాన్లపై బడిన హత్యానేరమును తొలగించు మార్గమును చెప్పుటకై మధురవాణి పురుషవేషమున అతని ఇంటికి వచ్చి, ప్రతిఫలముగా ఒక ముద్దు కోరును. పరోపకారమునకై పంతులు సమ్మతించిన క్షణమున ఆమెయే వారించును. చెడనివారిని చెరుపరాదని తన తల్లి చెప్పినదనును. తాను గడప వెలుపల నిలిపిన స్త్రీ తన వ్రతమును కాపాడుట పంతులు చూడవలసివచ్చెను. ఇతడు జెకిల్ వంటివాడు కాడు, కపటి అంతకంటె కాడు. అయినను మంచి ఈవల, చెడు ఆవల అని గీత గీసినవాడే. ఆ గీతను గురజాడ చెరిపివేసెను. పంతులును మాత్రము అవమానింపలేదు.

మూడు ఆంగ్ల నవలలలోను ద్వంద్వము మరణముతో ముగియును. హైడ్ శరీరముతో జెకిల్ చచ్చును. పటమును పొడిచి డోరియన్ తన గుండెనే పొడుచుకొనును. డ్రాకులా ధూళి యగును. చీల్చిన మనిషిని తిరిగి కూర్చు ఉపాయము ఆ రచయితలకు తోచలేదు. వారి గొప్పతనము, చీలికవలన కలుగు నాశమును దాచక చూపుటయందున్నది. అప్పారావు నాటకమున ఎవరును చావరు. ముసుగు తొలగిన గిరీశము వెడలిపోవును, మధురవాణి తలయెత్తి నిలుచును. తన చెడును తనదిగా గుర్తింపని మనిషికి మంచియు దక్కదని ఆ నవలలు భయపెట్టి చెప్పినవి, ఈ నాటకము నవ్వించి చెప్పినది. భయము తీరినపిదప ఆ హైడ్ ఎవడోయని పాఠకుడు గ్రంథమును మూసివేయవచ్చును. గిరీశమును చూచి నవ్వినవానికి అంత సులభముగా తప్పించుకొను వీలులేదు, ఏలయన ఆ నవ్వులో సగము పరిచయమువలన పుట్టినది.